పైపు మార్చినందుకు పంపు కూడా మార్చాలా?

ట్రాక్టరు లోడరుకు హైడ్రాలిక్ పైపు పగులుతుంది. రైతు కొత్త పైపు వేయిస్తాడు. స్టార్ట్ చేస్తే ఇంజన్ నెత్తిన బండరాయి పెట్టినట్టుంటుంది. రేస్ ఇచ్చినా లేవదు, నల్లపొగ కక్కుతుంది, లివరు కదిపితే ఆగిపోతుంది. పైపు పగిలే నిమిషం దాకా బకెట్ నిండా మట్టి ఎత్తిన బండే అది. చెరువు మట్టి, పశువుల ఎరువు తోలే ఎండాకాలం వచ్చిందంటే ఈ ఫిర్యాదు మా మండల కమిటీల దగ్గరికి రాకుండా ఉండదు. సర్వీసు కౌంటరులో దీనికి దొరికే జవాబూ ఏటా ఒకటే: పంపు పోయింది, మార్చాలి.

పైపు మార్చేదాకా పనిచేసిన పంపు, పైపు మార్చిన గంటలో ఎట్లా పోయింది? ఈ ప్రశ్న అడిగిన రైతుకు మర్యాదగా జవాబు చెప్పినవాళ్లను మేము చాలా తక్కువగా చూశాం. అడగని రైతుకు కొత్త పంపు బిల్లు చేతిలో పడుతుంది. పాత పంపు వెనక్కి కూడా ఇవ్వరు.

అసలు ఆ మాటే తప్పు. అరిగిపోయిన పంపు ఇంజన్‌ను అణచదు. మన ట్రాక్టర్లలో, చిన్న లోడర్లలో ఎక్కువగా ఉండేవి గేరు పంపులు. గేర్లు, లోపలి గోడ అరిగితే ఆయిల్ లోపల్లోపలే జారిపోతుంది, ప్రెషర్ కట్టదు. బకెట్ నెమ్మదిగా లేస్తుంది, బరువుంటే లేవనే లేవదు. కానీ ఇంజన్ మాత్రం హాయిగా తిరుగుతుంది, ఎందుకంటే దాని మీద బరువే పడదు. ఇంజన్ డౌన్ అవుతోందంటే పంపు ప్రెషర్ కడుతోందని, అవసరానికి మించి కడుతోందని అర్థం. అంటే పంపు బాగానే ఉందనడానికి ఈ జబ్బే ఒక సాక్ష్యం. పంపు బేరింగు పట్టేసిన సందర్భం ఒకటి మినహాయింపు. అప్పుడు పంపులోంచే గరగర చప్పుడు వస్తుంది, పంపు ఒళ్లు కాలిపోతుంది, ఆయిల్‌లో ఇనుప రజను కనిపిస్తుంది. అవేవీ లేకుండా పంపు మార్చాలని ఎవరన్నా చెబితే ఆ మాటకు ఆధారం చూపించమనండి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ప్రెషరును బార్లలో, ఆయిల్ ప్రవాహాన్ని నిమిషానికి లీటర్లలో తీసుకుని రెండూ గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. నిమిషానికి 40 లీటర్లు తోసే పంపు అనుకుందాం. లివర్లన్నీ న్యూట్రల్‌లో ఉంటే ఆయిల్ ట్యాంకులోంచి పంపుకు, పంపులోంచి కంట్రోల్ వాల్వుకు, అక్కడినుంచి మళ్లీ ట్యాంకుకు అడ్డంకి లేకుండా తిరుగుతుంది. 10 బార్ల ప్రెషర్ ఉంటే ఒక హార్స్‌పవర్ కూడా ఖర్చు కాదు. అదే ఆయిల్‌కు తిరుగుదారి మూసుకుపోతే ప్రెషర్ పెరిగి పెరిగి రిలీఫ్ వాల్వు దాకా పోతుంది. 180 బార్ల దగ్గర రిలీఫ్ తెరుచుకుంటుందనుకుంటే 12 కిలోవాట్లు, అంటే సుమారు 16 హార్స్‌పవర్. 45 హెచ్‌పీ ట్రాక్టరులో మూడో వంతుకు పైగా బలం ఏ పనీ చేయకుండా ఆయిల్‌ను వేడి చేయడానికే పోతోందన్నమాట. ఐడిల్‌లో ఉన్న ఇంజన్‌కు అంత బరువు మోసే సత్తువ ఎక్కడిది? ఆగిపోతుంది.

కాబట్టి పైపు మార్చిన వెంటనే వచ్చిన ఈ జబ్బుకు మొదట అనుమానించాల్సింది పైపునీ, దాన్ని బిగించిన తీరునీ. ముందు ఒక విషయం తేల్చుకోవాలి: ఇంజన్ ఎప్పుడు అణుగుతోంది? లోడరు పంపు పీటీఓకు బిగించినదైతే పీటీఓ తీసేసి ఇంజన్ రేస్ చేసి చూడండి. అప్పుడూ లేవకపోతే హైడ్రాలిక్‌తో సంబంధం లేదు. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, డీజిల్‌లో నీళ్లు చూసుకోవాలి. పైపు కోసం నాలుగు రోజులు దుమ్ములో నిలబెట్టిన బండికి అదే సమయంలో ఫిల్టర్ కూడా మూసుకుపోవడం వింతేమీ కాదు.

పీటీఓ తీస్తే హాయిగా తిరిగి, వేస్తే లివర్లు న్యూట్రల్‌లో ఉన్నా అణిగిపోతుంటే దొంగ దొరికినట్టే. ఆయిల్ ట్యాంకుకు పోవడం లేదు. క్విక్ కప్లింగులతో మొదలుపెట్టండి. కప్లింగు రెండు ముక్కల్లోనూ లోపల చిన్న వాల్వు ఉంటుంది. రెండూ పూర్తిగా ఒకదాన్నొకటి నొక్కితేనే తెరుచుకుంటాయి. బయటికి బిగిసినట్టే కనిపించినా అర అంగుళం లోపలికి వెళ్లకపోతే దారి మూసే ఉంటుంది. ఎండలో పడేసిన పైపులో మిగిలిన ఆయిల్ వేడికి వ్యాకోచించి లోపల ప్రెషర్ కడుతుంది. అప్పుడు కప్లింగు ఎంత తోసినా పూర్తిగా దిగదు. సుత్తితో కొట్టే పని పెట్టుకోకుండా, నీడలో చల్లారనిచ్చి, ప్రెషర్ వదిలి మళ్లీ బిగించాలి.

రెండోది, పైపులు తారుమారు కావడం. జాకీకి పోయే రెండు పైపులు అటూఇటూ అయితే బకెట్ ఎత్తమంటే దిగుతుంది, దించమంటే లేస్తుంది. చూసి నవ్వుకుని మార్చుకోవచ్చు. కానీ పంపు నుంచి వచ్చే పైపు, ట్యాంకుకు పోయే పైపు తారుమారైతే నవ్వే పని కాదు. ట్యాంకు వైపు భాగాలు అంత ప్రెషరుకు చేసినవి కావు, వాల్వు బాడీ పగలొచ్చు. లోడరు వాల్వు నుంచి ట్రాక్టరు వెనక లిఫ్టుకు పోయే మూడో పైపు ఉన్న బండ్లలో పొరపాటుకు ఆస్కారం ఇంకా ఎక్కువ. ఆ మూడు రంధ్రాల దగ్గర ఏది ఏదో తెలిసేలా చెరగని గుర్తు కొట్టడానికి కంపెనీకి ఎంత ఖర్చవుతుంది? ఏమీ కాదు. అయినా చాలా బండ్ల మీద గుర్తు ఉండదు. ఉన్నా రంగు కింద కప్పబడి ఉంటుంది.

మూడోది కొత్త పైపు లోపల. కొత్త పైపు చివర పెట్టిన ప్లాస్టిక్ మూత తీయకుండా బిగించిన సందర్భాలున్నాయి. పైపు కోసి క్రింపింగ్ చేసేటప్పుడు రాలిన రబ్బరు తుక్కు ఊదకుండా వదిలేస్తే అది పోయి వాల్వులో ఇరుక్కుంటుంది. పగిలిన పాత పైపు లోపలి పొర ముక్కలు కూడా అంతే. ఒకే ఒక్క కదలికకు మాత్రమే, అంటే ఎత్తేటప్పుడో, బకెట్ వంచేటప్పుడో మాత్రమే ఇంజన్ అణుగుతుంటే ఆ జాకీకి పోయే దారి చూడాలి. పైపు మెలిపడిందా, రంధ్రం సన్నదా అని.

ఈ రంధ్రం సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. అరంగుళం రంధ్రం ఉండాల్సిన చోట 3/8 అంగుళం పైపు వేసి పంపేవాళ్లున్నారు. లోపలి తీగ జాలి, పై రబ్బరు మందం వల్ల బయటినుంచి చూస్తే రెండూ దాదాపు ఒకలాగే ఉంటాయి. కానీ దారి వైశాల్యం సగానికి దగ్గరగా పడిపోతుంది. పైపు ఒంటి మీద అచ్చు వేసి ఉంటుంది: సైజు, పని ప్రెషర్, రకం. ఆర్1 అంటే లోపల ఒక తీగ జాలి, ఆర్2 అంటే రెండు. ఆ అచ్చు చదవకుండా పైపు కొనడం ఎరువు బస్తా మీద ఏముందో చూడకుండా కొనడం లాంటిదే. బిల్లులో కూడా ఆ వివరాలు రాయించుకోవాలి. బిల్లే ఇవ్వని కొట్టు అయితే పైపు మీద అచ్చును ఫోటో తీసి పెట్టుకోండి.

పంపుకు ఆయిల్ పీల్చే పైపు విషయం వేరు. అక్కడ మామూలు నీళ్ల పైపు వేస్తే పీల్పుకు ముడుచుకుపోతుంది, కీళ్ల దగ్గర గాలి లాగుతుంది. అప్పుడు పంపు కీచుమని అరుస్తుంది, ఆయిల్ నురగ కడుతుంది, బకెట్ వణుకుతూ లేస్తుంది. ఇంజన్ అణగడం కన్నా ఇదే ముందు కనిపిస్తుంది. పొరబడకండి.

బాబ్‌క్యాట్ అని అందరూ పిలిచే చిన్న లోడర్లలో ఇంకొకటుంది. పనిముట్లకు ఆయిల్ ఇచ్చే అదనపు లైను ఆన్‌లో లాక్ అయి ఉండిపోతే, దానికి ఏ పనిముట్టూ తగిలించి లేకపోతే ఆయిల్‌కు పోయే దారి ఉండదు. పైపు మార్చేటప్పుడు ప్రెషర్ వదలడానికి ఆ స్విచ్చి వేసి, తర్వాత తీయడం మరిచిపోతారు. ఒక స్విచ్చి కోసం ఒక పంపు కొనడం ఎక్కడి న్యాయం?

అనుమానం తీరకపోతే ప్రెషర్ గేజి పెట్టి చూడడమే. న్యూట్రల్‌లో ముల్లు కింద, పదుల్లో ఉండాలి. రిలీఫ్ దాకా ఎగబాకి అక్కడే నిలబడితే తిరుగుదారి మూసుకుపోయిందని ఇక ఎవరినీ అడగనక్కర్లేదు. ఒక గేజి, నాలుగు రకాల నిప్పిళ్లు మండలానికి ఒక సెట్టు చొప్పున మన సంఘమే కొని పెట్టుకోవచ్చు. మేము అదే ప్రతిపాదిస్తున్నాం.

రిలీఫ్ వాల్వు స్క్రూ మాత్రం ముట్టుకోవద్దు. బకెట్ లేవడం లేదని దాన్ని బిగించే అలవాటు మన దగ్గర ఉంది. అది తెరుచుకోవాల్సిన చోట తెరుచుకోకపోతే ఇంజన్ ఆగిపోవడం చిన్న నష్టం. పైపు పగలడం, మనిషి మీద పడడం పెద్ద నష్టం.

ప్రాణం సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే. ఏ పైపు విప్పినా బకెట్ నేలకు దించాలి, ఇంజన్ ఆపాలి, లివర్లన్నీ అటూఇటూ కదిపి ప్రెషర్ వదలాలి. ఎత్తిన చేతుల కింద, ఆధారం లేకుండా, ఎంత తొందరున్నా దూరకూడదు. కారుతున్న చోటును వేలితో తడమకూడదు. అట్టముక్కతో చూడాలి. సూదిబెజ్జం నుంచి వచ్చే ఆయిల్ చర్మం లోపలికి దిగిపోతుంది. పైకి ముల్లు గుచ్చినట్టే ఉంటుంది, నొప్పి కూడా మొదట తెలియదు. ఆ రోజే సర్జన్ దగ్గరికి పోకపోతే వేలు, ఒక్కోసారి చేయి తీసేయాల్సి వస్తుంది. ఆర్ఎంపీ దగ్గర టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికి పోతే సరిపోయే గాయం కాదు.

ఇన్ని సంగతులు మన సంఘం పత్రిక ఎందుకు రాయాల్సి వచ్చింది? యంత్రం అమ్మినవాడు రాసి ఇవ్వలేదు కనుక. లక్షలు పోసి కొన్న లోడరుతో వచ్చే పుస్తకం చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. అందులో సీటు బెల్టు గురించి, రంగు కాపాడుకోవడం గురించి పేజీలకు పేజీలుంటాయి. ఆయిల్ దారుల పటం మాత్రం ఉండదు. ఏ రంధ్రం ఏది, రిలీఫ్ ఎన్ని బార్లు, ఏ పైపు ఏ సైజు అనేవి 'సర్వీసు మాన్యువల్'లో ఉంటాయట. అది డీలరుకే ఇస్తారట. ఊరి మెకానిక్కుకూ ఇవ్వరు. ఊరి మెకానిక్కులను నిందించే పని మేము పెట్టుకోం. పటం లేకుండా, గేజి లేకుండా, చెవితో విని చేత్తో తడిమి ఇన్నేళ్లుగా మన బండ్లను నడిపిస్తున్నది వాళ్లే. వాళ్లకు తెలియకుండా దాచి, తర్వాత వాళ్లకేమీ తెలియదని చెప్పేవాళ్లతోనే మా పేచీ.

రైతుకు మాన్యువల్ ఇస్తే యంత్రం పాడుచేసుకుంటాడని, వారంటీ దెబ్బతింటుందని కంపెనీల తరఫున వాదించేవాళ్లున్నారు. పటం చూసి బిగిస్తే పాడవుతుందా, చూడకుండా బిగిస్తే పాడవుతుందా? ట్యాంకు పైపును ప్రెషర్ రంధ్రానికి బిగించి వాల్వు పగలగొట్టుకున్న రైతు, ఏది ఏదో తెలియకనే కదా అట్లా చేసింది? ప్రమాదం పేరు చెప్పి విషయం దాచడం తలుపు మూసి దీపం ఆర్పినట్టు.

ఇది మన ఊరి గొడవే కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం చేసింది. 2024 జనవరి 1 నుంచి అది అమలులో ఉంది. మాన్యువళ్లు, విడిభాగాలు, పనిముట్లు, సాఫ్ట్‌వేర్ రైతుకూ బయటి మెకానిక్కుకూ ఇవ్వాలి. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇల్లినాయ్, మిన్నెసోటా రాష్ట్రాలతో కలిసి మరమ్మతును గుప్పిట్లో పెట్టుకుందంటూ జాన్ డీర్ కంపెనీ మీద కేసు వేసింది. మన దగ్గర 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం, పరీక్ష పనిముట్లు బయటి మెకానిక్కులకు దొరకకుండా చేశారన్నదే తప్పు. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి, జరిమానాల కథ మలుపులు తిరిగింది. కానీ కారు యజమాని విషయంలో తప్పు అనిపించింది ట్రాక్టరు యజమాని విషయంలో ఒప్పు ఎట్లా అవుతుంది?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అది ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ తెరిచారు. పోర్టల్‌లో చేరాలా వద్దా అన్నది కంపెనీల ఇష్టానికి వదిలేశారు. చట్టం మాత్రం రాలేదు. ఈలోగా యంత్రాలు మారిపోతున్నాయి. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్ 4 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. ఎలక్ట్రానిక్ డీజిల్ పంపులు, సెన్సర్లు వచ్చాయి. ఇక రేపు ఇంజన్ అణిగితే అది ఆయిల్ దారి వల్లనా, సెన్సర్ చెప్పిన మాట వల్లనా అన్నది స్కానర్ లేకుండా తేలదు. ఆ స్కానర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చెప్పిందే వేదం అవుతుంది. పైపుల కాలంలోనే ఈ హక్కు సాధించుకోలేకపోతే సాఫ్ట్‌వేర్ కాలంలో ఏం సాధిస్తాం?

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ల హైడ్రాలిక్ పంపులపై 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. కాదనం. కానీ అక్కర్లేని పంపు మీద పన్ను తగ్గితే రైతుకు మిగిలేదేమిటి?

మేము అడిగేది భారీ కోరికేమీ కాదు. రాయితీ మీద ఇచ్చే ప్రతి యంత్రానికి తెలుగులో సర్వీసు పుస్తకం, అందులో ఆయిల్ దారుల పటం, పైపుల సైజుల పట్టిక ఉండాలి. అవి లేని యంత్రాన్ని రాయితీ జాబితాలో పెట్టకూడదు. ప్రజల సొమ్ముతో అమ్ముడుపోయే యంత్రానికి ఈ షరతు పెట్టే అధికారం వ్యవసాయ శాఖకు ఇవాళే ఉంది, కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. రంధ్రాల మీద చెరగని గుర్తులు, గేజి తగిలించుకునే చోటు ఉండాలి. మార్చిన పాత విడిభాగం రైతుకు తిరిగి ఇవ్వాలి. ఎందుకు మార్చారో, గేజి ఎంత చూపిందో బిల్లు మీద రాయాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల మెకానిక్కులకు హైడ్రాలిక్స్ మీద తెలుగులో ప్రత్యేక తరగతులు అక్కడ పెట్టించాలి. తరగతులు వేసవి ముందే పెట్టాలి, లోడర్లు నిలిచిపోయాక కాదు.

చట్టంలో ఉన్న కాస్త బలాన్నీ వాడుకుందాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం, హాని జరగకుండా సరైన వాడకానికి చాలినన్ని సూచనలు గాని, తప్పుగా వాడితే ఏమవుతుందన్న హెచ్చరిక గాని ఇవ్వని తయారీదారు బాధ్యుడవుతాడు. కిరాయికి తిప్పుకునే లోడరు వాణిజ్య వస్తువు కదా అని ఎదుటి లాయరు అంటాడు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునేది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని అదే చట్టం చెబుతోంది. ఒకే లోడరుతో బతికే మన సభ్యులు ఆ మాట గుర్తుంచుకోవాలి.

వచ్చే మండల కమిటీ సమావేశానికి లోడరున్న సభ్యులు మూడు తెండి: యంత్రంతో వచ్చిన పుస్తకం, గత రెండేళ్లలో హైడ్రాలిక్ మరమ్మతులకు కట్టిన బిల్లులు, వీలైతే 'పోయింది' అని తీసేసిన పాత పంపు. ఆ పంపులను బెంచి మీద పెట్టి ప్రెషర్ పరీక్ష చేయించి, ఎన్ని నిజంగా పోయాయో, ఎన్ని పోలేదో రాసి, ఆ కాగితాలను జిల్లా వ్యవసాయ అధికారికి ఇచ్చే వినతిపత్రానికి జతచేస్తాం.